కాగిషాల్ గ్రేంజ్ బార్న్: 13వ శతాబ్దపు మఠం కొయ్య సాలను చూసి వచ్చాను

ఎసెక్స్ వాసి · అక్టోబరు 5, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. చెమ్స్‌ఫర్డ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, పక్కనే ఉన్నట్టు లెక్కపెట్టవలసిన ఈ కట్టడాన్ని చూడటానికి నాకు మొన్నటికి గాని కుదరలేదు. ఇంగ్లండు తూర్పు వైపున ఉన్న ఎసెక్స్ జిల్లాలో కాగిషాల్ అనే చిన్న ఊరు ఉంది. రోమనులు వేసిన దారి మీద, బ్రెయిన్‌ట్రీకి కాల్చెస్టర్‌కి నడుమ వస్తుంది. ఆ ఊరి అంచున, ఒకప్పటి సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల మఠానికి చెందిన కొయ్య సాల ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. దానిని గ్రేంజ్ బార్న్ అంటారు. ఐరోపాలో నిలిచి ఉన్న కొయ్య చట్రపు కట్టడాలలో అతి పాతవాటిలో ఇది ఒకటి.

ఆగస్టులో ఒకసారి వెళ్ళి, అది తెరిచే రోజు కాకపోవడంతో కంచె బయట నుంచి చూసి తిరిగి వచ్చాను. తప్పు నాదే, ముందుగా వేళలు చూసుకోలేదు. ఈసారి మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను.

బయట నుంచి చూస్తే గోడ కంటే కప్పే ఎక్కువగా కనబడుతుంది. మట్టి పెంకులు పరిచిన ఆ కప్పు మన పాత పెంకుటిళ్ళ చూరులాగే చాలా కిందికి దిగి ఉంటుంది. పొడవు సుమారు 120 అడుగులు, వెడల్పు సుమారు 45 అడుగులు. లోపలికి అడుగుపెట్టగానే ముందు చల్లదనం తగిలింది, ఆ తరువాత పాత చెక్క వాసన, చివరకు కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక రెండు వరుసల ఓక్ స్తంభాలు. వరుసల నడుమ ఎత్తైన ఖాళీ, రెండు పక్కలా వసారాల వంటి ఇరుకు భాగాలు. మన లెక్కలో చెప్పాలంటే ఆరు అంకణాల కట్టడం. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి కాసేపు పైకి చూసి, "నాన్నా, ఇందులో దేవుడు ఎక్కడ ఉన్నాడు?" అని అడిగింది.

నేను ఒక స్తంభం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దాని ముఖం నున్నగా లేదు, పనిముట్టు దెబ్బలు చేతికి తగులుతున్నాయి. నా భుజానికి పైన, ఏ కర్రా కూర్చోని ఒక ఖాళీ గాడి ఉంది. ఒకప్పుడు అక్కడ ఏటవాలు ఊతకర్ర ఉండేదనీ, 14వ శతాబ్దం చివరలో సాలను చాలావరకు విప్పి తిరిగి కట్టినప్పుడు ఆ అమరిక మారిందనీ అక్కడి స్వచ్ఛంద సేవకురాలు చెప్పారు. స్తంభం అడుగున రంగు తేలికగా ఉన్న కొత్త ఓక్ ముక్క అతికి ఉంది. పాతదీ కొత్తదీ కలిసే గీత మీద గోరు పెడితే పట్టదు, అంత బిగువుగా ఉంది అతుకు.

మఠాన్ని 1140 ప్రాంతంలో స్టీఫెన్ రాజు, మటిల్డా రాణి స్థాపించారు. మొదట అది ఫ్రాన్సులోని సావిన్యీ శాఖకు చెందినది. 1147లో ఆ శాఖ మొత్తం సిస్టర్షియన్లలో కలిసిపోయింది. 1538లో ఎనిమిదవ హెన్రీ కాలంలో మఠం రద్దయింది. సన్యాసుల చర్చి ఇప్పుడు లేదు, ఈ సాల మాత్రం ఉంది.

నాకు రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, దీనిని తెలుగులో ఏమనాలి? ధాన్యాగారం అంటే సరిపోతుందా? రెండవది, ఇంత పెద్ద చోటులో ధాన్యం పోసుకునే గాదె గానీ, తొట్టె గానీ, అరలు కట్టిన ఆనవాలు గానీ నాకు కనబడలేదు. మరి గింజలు ఎక్కడ పోసేవారు?

---

కొల్లిపర రైతు · అక్టోబరు 6, ఉదయం 5:55

నమస్కారమండీ. మీరు పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. గింజలు అందులో పోసేవారంటే నేను నమ్మలేకపోతున్నాను. మా ఇంట్లో నా చిన్నప్పటి దాకా గాదె ఉండేది. వెదురుతో అల్లి, లోపలా బయటా పేడా మట్టీ మెత్తి, ఎలుక దూరకుండా, చెమ్మ ఎక్కకుండా రాళ్ళ మీద నిలబెట్టేవారు. దానిలో సందు అన్న మాటే ఉండకూడదు. మీరు చూపించిన సాలలో కప్పు చూరుదాకా అంతా ఒకటే ఖాళీ. పైగా బండి దూరేటంత తలుపు. ధాన్యం దాచుకునే చోటుకు అంత తలుపు ఎవరైనా పెడతారా? అక్కడ ఇంకేదో పని జరిగి ఉండాలి.

---

పాతకట్టడాలు · అక్టోబరు 6, మధ్యాహ్నం 1:20

కొల్లిపర రైతు గారు ఒక్క ఫొటోతో అసలు విషయం పట్టుకున్నారు. నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. ఇంగ్లండులో చదువుకున్న రోజుల్లో ఇటువంటి సాలలు కొన్ని తిరిగి చూశాను. బార్న్ అనేది గింజల గిడ్డంగి కాదు, పనల ఇల్లు. కోసిన గోధుమనూ బార్లీనీ నూర్చకుండా, కట్టలు కట్టి, కంకులతో సహా తెచ్చి ఈ సాలలో కప్పుదాకా పేర్చేవారు. ఆ పేరులోనే బార్లీ ఉంది. పాత ఇంగ్లీషులో దాని అర్థం బార్లీ ఇల్లు అనే.

నూర్పిడి ఆ తరువాత, చలికాలమంతా, కొంచెం కొంచెంగా సాగేది. పెద్ద తలుపుల నుంచి లోపలికి పోయే అంకణాన్ని ఖాళీగా ఉంచి, అక్కడ పనలు పరిచి, తోలు పట్టీతో కలిపిన రెండు కర్రల సాధనంతో కొట్టేవారు. చాలా సాలల్లో ఆ అంకణానికి ఎదురెదురుగా రెండు తలుపులు ఉంటాయి. రెండూ తెరిస్తే గాలి ఆడుతుంది, ఆ గాలికి తూర్పారబట్టుకోవచ్చు. గింజ ఏ రోజుది ఆ రోజు కొలిచి, తాళం వేసే చిన్న కొట్టుకు పంపేవారు. మీరు గాదె కింద రాళ్ళ సంగతి చెప్పారు. తరువాతి శతాబ్దాల ఇంగ్లీషు ధాన్యపు కొట్లను కూడా ఎలుకలు ఎక్కకుండా పుట్టగొడుగు ఆకారపు రాళ్ళ మీద నిలబెట్టారు. పోలిక కావాలంటే గాదెను ఆ కొట్లతో పోల్చాలి, ఈ సాలతో కాదు.

ఇంత ఖర్చుతో ఇంత కప్పు ఎందుకంటే, కారణం వాన. అక్కడ కోత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అది ముగిసేసరికి తడి రోజులు మొదలవుతాయి, మళ్ళీ వసంతం దాకా ఆరుబయట కళ్లం చేసుకునే వీలు ఉండదు. కాబట్టి వాళ్ళు కుప్పనూ కళ్లాన్నీ రెండింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చుకున్నారు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇటువంటి ప్రతి సాలనూ "పదో వంతు సాల" అని పిలవడం అక్కడ వాడుకలో ఉంది. చర్చికి రైతులు ఇచ్చుకునే పదో వంతు పంటను దాచే సాల అని దాని అర్థం. కాగిషాల్ సాల ఆ కోవలోది కాదు. గ్రేంజ్ అంటే మఠం సొంతంగా సేద్యం చేయించుకునే క్షేత్రం. తమ చేతి కష్టం మీదే బతకాలన్నది సిస్టర్షియన్ల నియమం. పొలం పని ప్రధానంగా చేసినది లే బ్రదర్లు. వాళ్ళు వ్రతం పట్టినవారే, అయితే చదువూ పూజల భారమూ తక్కువ, చాకిరీ ఎక్కువ. ఈ స్తంభాల నడుమ కర్రలు ఎత్తి కొట్టినది వాళ్ళు, వాళ్ళతో పాటు కూలివాళ్ళు. సన్యాసుల సాల అనగానే ధ్యానంలో మునిగిన మనుషులు మన మనసులో మెదులుతారు గాని, చలికాలపు ఉదయం ఇందులో ఎగిరే దుమ్మూ పొట్టూ తలచుకుంటే ఆ బొమ్మ చెదిరిపోతుంది.

---

కొల్లిపర రైతు · అక్టోబరు 6, రాత్రి 8:15

ఇప్పుడు నాకు లెక్క కుదిరింది. అంటే అది గోడలూ కప్పూ ఉన్న కళ్లం. మాకు సార్వా కోతలు పడి, పనలు ఆరి, కుప్ప వేసి, తీరికగా సంక్రాంతి అటూ ఇటూ నూర్చుకునే రోజుల్లో కళ్లానికి కప్పు అక్కరలేదు. పేడతో అలికిన నేల, పశువుల బంతి, తూర్పారబట్టడానికి ఒక మంచి గాలి రోజు ఉంటే చాలు. వానాకాలం వెళ్ళిపోయాక మా నూర్పిడి వచ్చేది, వాళ్ళ నూర్పిడితోనే వాన వచ్చేది. అందుకే వాళ్ళకు ఓక్ స్తంభాలు కావలసివచ్చాయి.

ఎసెక్స్ వాసి గారూ, పేరు ధాన్యాగారం అనకండి. కళ్లంసాల అనండి.

ఒక ప్రశ్న: పండిన దానిలో విత్తనానికి ఎంత తీసేవారు?

---

పాతకట్టడాలు · అక్టోబరు 6, రాత్రి 10:05

ఆ కాలపు ఇంగ్లండులో గోధుమ చల్లిన దానికి సుమారు నాలుగింతలు పండితే మామూలు పంట. అంటే సాలలో పేర్చిన ప్రతి నాలుగు పనల్లో ఒకటి మరుసటి ఏటి విత్తనానిదే. ఇన్ని పనలకు ఇంత చోటు అవసరమైందంటే దిగుబడి ఎక్కువై కాదు. పొలం చాలా ఉండటమూ, గింజ తక్కువై గడ్డి ఎక్కువ కావడమూ అందుకు కారణాలు.

కళ్లంసాల అన్న మాట నాకు చాలా నచ్చింది.

---

వడ్రంగి మనుమడు · అక్టోబరు 7, ఉదయం 7:30

ఇక్కడ మాట్లాడుతున్నవారిలో చెక్క ముట్టుకున్నవాడిని నేనొక్కడినే అనుకుంటాను, కాబట్టి నా వంతు అడుగుతాను. మా తాతగారు అమలాపురం వైపు మండువా ఇళ్ళకు దూలాలూ ద్వారబంధాలూ చేసిన మనిషి. కోసిన టేకును ఏళ్ళ తరబడి ఆరబెడితే గాని ముట్టేవారు కారు. పచ్చి చెక్కతో పని చేస్తే అది మెలి తిరిగి, చేసినవాడి పరువు తీస్తుందనేవారు. ఇంగ్లండు వడ్రంగులు ఓక్ మానును పచ్చిగా ఉండగానే చెక్కి ఎత్తేవారని విన్నాను. అది నిజమైతే ఎనిమిది వందల ఏళ్ళు ఎలా నిలిచింది? ఆ ఖాళీ గాడి దగ్గరి ఫొటో మరొకటి ఉంటే పెట్టండి, ఒక కొలత చూసుకోవాలి.

---

ఎసెక్స్ వాసి · అక్టోబరు 7, రాత్రి 9:10

ఫొటో జతచేశాను, పక్కన నా చెయ్యి కొలత కోసం ఉంది. గాడి లోతు నా బొటనవేలి గోరు దాటి మొదటి కణుపు దాకా వస్తుంది. ఒక అంచు తిన్నగా లేదు, లోపలికి చిన్న పన్నులా నొక్కి ఉంది. మీకు దానిలో ఏం కనబడుతోందో చెప్పండి.

---

వడ్రంగి మనుమడు · అక్టోబరు 8, ఉదయం 6:50

చాలా కనబడుతోంది. మనకు అలవాటైన పద్ధతిలో ఒక దుంగ చివరను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగగొడతాము. ఈ గాడి అందుకు కాదు. ఊతకర్ర చివరను సగం మందానికి చెక్కి, స్తంభం ముఖం మీద ఆ లోతుకే తొలిచిన చోట పక్క నుంచి కూర్చోబెట్టారు. మీరు చెప్పిన ఆ పన్ను లేకపోతే, గాలి వచ్చి చట్రం ఊగినప్పుడు కర్ర వెనక్కి జారి ఊడివస్తుంది. ఆ పన్ను దానిని పట్టి ఆపుతుంది. దీనిలో సుఖం ఏమిటంటే, స్తంభాలూ దూలాలూ నిలబెట్టేశాక కూడా ఊతకర్రను పక్క నుంచి తెచ్చి అమర్చుకోవచ్చు. నాలుకా బెజ్జమూ అయితే నిలబెట్టేటప్పుడే రెండూ ఒకదానిలో ఒకటి దూరాలి. దీనిలో ఇబ్బంది, స్తంభం ముఖం మీద మాంసం తీసేసినట్టు అవుతుంది, అతుకు బలం తగ్గుతుంది. తరువాతి తరాల వడ్రంగులు దీనిని వదిలేశారంటే నాకు ఆశ్చర్యం లేదు.

---

పాతకట్టడాలు · అక్టోబరు 8, మధ్యాహ్నం 2:45

వదిలేశారు. ఆ వదిలేయడమే మనకు కాలం చెప్పే గుర్తయింది. సెసిల్ హ్యూయెట్ అనే పరిశోధకుడు 20వ శతాబ్దం రెండవ భాగంలో ఎసెక్స్ సాలలూ చర్చి కప్పులూ ఎక్కి, ఒక్కొక్క అతుకునూ విడదీసి చూపినట్టుగా బొమ్మలు గీశారు. అతుకుల ఆకారం కాలంతో మారుతుందనీ, ఆ మార్పును బట్టి కట్టడం వయసు చెప్పవచ్చనీ ఆయన వాదించారు. అంతకుముందు ఈ జిల్లాలోని పెద్ద సాలలను చాలా తరువాతి కాలానివిగా భావించేవారు. ఆయన చెప్పిన కొన్ని తేదీలను తరువాత సవరించవలసి వచ్చినా, సాలలు పాతవన్న ఆయన మూల వాదన నిలబడింది.

పచ్చి ఓక్ సంగతి మీరు విన్నది నిజమే. ఓక్ ఆరితే ఉలి దిగనంత గట్టిపడుతుంది. అందుకని పచ్చిగా ఉండగానే మానును గొడ్డలితో పలకలు తీర్చి, అతుకులు చెక్కి, ఎత్తేవారు. చెక్క ఆరుతూ ముడుచుకునే కొద్దీ చీల చుట్టూ బిగుస్తుంది. మెలి తిరగదా అంటే తిరుగుతుంది. మీ తాతగారు ద్వారబంధానికి ఒప్పుకోని మెలిని ఆ వడ్రంగులు సాలకు ఒప్పుకున్నారు, అంతే తేడా. అక్కడి పాత చట్రాలలో నిక్కచ్చిగా నిటారుగా ఉన్న స్తంభం దొరకడం కష్టం.

పచ్చి చెక్క వాడటం వల్ల మనకు మరో లాభం కలిగింది. మాను నరికిన ఏడాది తెలిస్తే, కట్టిన ఏడాది ఇంచుమించుగా తెలిసినట్టే.

---

సందేహాల పుట్ట · అక్టోబరు 8, సాయంత్రం 6:30

నరికిన ఏడాది ఎలా తెలుస్తుంది? ఒకచోట కాగిషాల్ సాలకు 1237కీ 1269కీ మధ్య అని రాసి ఉంది. ఏడాది తెలిస్తే ఒక్క అంకె ఉండాలి కదా, ముప్పై ఏళ్ళ ఊగిసలాట ఎందుకు? నాకు ఇది లెక్క తెలియనివారు తప్పించుకోవడంలా అనిపిస్తోంది.

---

పాతకట్టడాలు · అక్టోబరు 8, రాత్రి 9:55

తప్పించుకోవడం కాదు, నిజాయితీ. చెట్టు ఏడాదికొక వలయం పెరుగుతుంది. మంచి ఏడు వెడల్పు వలయం, కరువు ఏడు సన్న వలయం. ఒక ప్రాంతపు ఓక్ చెట్లన్నింటిలో ఆ వెడల్పుల వరుస ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తేదీ తెలిసిన చెక్కల వరుసతో తేదీ తెలియని చెక్క వరుసను జరిపి చూస్తే, ఒకచోట రెండూ కలుస్తాయి. అక్కడిదాకా ఏడాది కచ్చితంగానే తెలుస్తుంది.

చిక్కంతా బయటి అంచు దగ్గర వస్తుంది. ఓక్ మానులో నల్లని చేవ చుట్టూ లేత రంగు పొర ఒకటి ఉంటుంది. పురుగు ముందుగా తినేది దానినే, వడ్రంగి చెక్కేసేది కూడా ఎక్కువగా దానినే. బెరడు దాకా వలయాలు మిగిలి ఉంటే నరికిన ఏడాదే కాదు, ఏ ఋతువులో నరికారో కూడా చెప్పవచ్చు. లేత పొర పోయినప్పుడు, ఇంగ్లండు ఓక్‌లో ఆ పొరకు మామూలుగా ఎన్ని వలయాలు ఉంటాయో దాని మీద అంచనా కట్టవలసిందే. పది మొదలుకొని నలభై పైచిలుకు దాకా ఉండవచ్చు. మీరు చూసిన 1237, 1269 అంకెల మధ్య దూరం అక్కడి నుంచి వచ్చినదే.

---

పదాల పిచ్చి · అక్టోబరు 9, ఉదయం 10:10

ఇంగ్లీషులో గుమ్మానికి వాడే థ్రెషోల్డ్ అన్న మాట ఈ సాలల్లోనే పుట్టిందని చదివాను. నూర్చిన గింజలు బయటికి చిందకుండా తలుపు అడుగున అడ్డపలక పెట్టేవారట, నూర్పిడిని పట్టి ఉంచేది కాబట్టి ఆ పేరట. ఎసెక్స్ వాసి గారు అక్కడ ఆ పలకను చూశారా?

---

పాతకట్టడాలు · అక్టోబరు 9, ఉదయం 11:00

అడ్డపలకలు కొన్ని సాలల్లో ఉండేవన్నది నిజం. మాట పుట్టుక కథ మాత్రం జనం అల్లుకున్నది. ఆ మాట పాత ఇంగ్లీషు నాటి నుంచే ఉంది. దాని మొదటి భాగానికి తొక్కడం, నూర్చడం అన్న ధాతువుతో చుట్టరికం చెప్పవచ్చు గాని, రెండవ భాగం పట్టి ఉంచడం కాదు.

---

హీత్రో పొరుగు · అక్టోబరు 10, రాత్రి 11:20

ఈ చర్చ చదివాక, మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న హార్మండ్స్‌వర్త్ సాలకు వెళ్ళి వచ్చాను. లండన్‌లో దిగే తెలుగువాళ్ళలో చాలామంది దాని పక్కగానే విమానంలో దిగుతారు, దానిని చూసినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకు తటస్థపడలేదు. అది మఠం కట్టించినది కాదని ముందే చెప్పాలి. ఆ భూమి ఒకప్పుడు ఫ్రాన్సులోని రూఆన్ దగ్గరి బెనడిక్టైన్ మఠానిది. 1391లో వించెస్టర్ బిషప్ అయిన వికమ్ విలియం దానిని కొని, తాను స్థాపించిన వించెస్టర్ కళాశాలకు ఇచ్చాడు. కళాశాలవారు 1426, 1427 ప్రాంతంలో సాల కట్టించారు. పొడవు 192 అడుగులు, అంటే 58 మీటర్లకు పైగా. పన్నెండు అంకణాలు. కవి జాన్ బెజమన్ దానిని మిడిల్‌సెక్స్ కెథడ్రల్, అంటే ఆ పాత జిల్లాకు మహా చర్చి, అన్నాడట.

ఆ పోలిక ఎందుకు వచ్చిందో లోపలికి వెళితే తెలుస్తుంది. నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం శబ్దం. ప్రతి కొన్ని నిమిషాలకొక విమానం, ఆ వెంటనే చెక్కల నడుమ నిశ్శబ్దం. చాలా ఏళ్ళు ఆ సాల ఆలనాపాలనా లేక పాడైంది. 2011 చివరలో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 20,000 పౌండ్లకు కొని, మరమ్మతు చేసి, ప్రజలకు తెరిచింది. ఇరవై వేల పౌండ్లకు లండన్‌లో కారు నిలిపే చోటు కూడా రాని పేటలు ఉన్నాయి. పక్కనే ఉన్న హీత్రో విమానాశ్రయానికి మూడవ రన్‌వే ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఆ ఊరి పేరు పత్రికలకు ఎక్కుతుంది.

---

సందేహాల పుట్ట · అక్టోబరు 11, ఉదయం 9:25

వలయాల లెక్క నాకు అర్థమైంది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఇంకొకటి. ఎసెక్స్ వాసి గారు స్తంభం అడుగున కొత్త చెక్క చూశామన్నారు, 14వ శతాబ్దంలో విప్పి కట్టారన్నారు, పెంకులు ఎన్నిసార్లు మార్చారో తెలియదు. ఇన్ని మార్చాక దానిని 13వ శతాబ్దపు సాల అనడం న్యాయమేనా?

---

వడ్రంగి మనుమడు · అక్టోబరు 11, మధ్యాహ్నం 12:40

ఈ ప్రశ్న నాకు ఇంటి దగ్గర మొదలవుతుంది. మా తాతగారు చేసిన ఇళ్ళలో ఒకదానికి మూడు దూలాల చివరలు చెదపట్టాయని ఇల్లు మొత్తం పడగొట్టించారు. మంచి టేకు అంతా ఒక పాత కలప వ్యాపారి లారీ ఎక్కి పోయింది. ఆ మూడు చివరలూ కోసి కొత్త ముక్క అతికి ఉంటే ఆ ఇల్లు ఇప్పటికీ ఉండేదని మా నాన్నగారు ఎన్నిసార్లన్నారో. స్తంభం నేలకు తగిలేచోటే ముందు కుళ్ళుతుంది, అది చెక్క స్వభావం. అడుగు మార్చి పైదంతా ఉంచుకోవడం కల్తీ కాదండీ, అదే వడ్రంగి పని.

---

పాతకట్టడాలు · అక్టోబరు 11, రాత్రి 8:30

నేను దీనికి కొంత చరిత్ర కలుపుతాను. కాగిషాల్ సాలలో వ్యవసాయం పనులు 20వ శతాబ్దం మధ్య దాకా సాగాయి. అది బతికినదే అందువల్ల. 1538 తరువాత సన్యాసులతో పాటు చర్చి అవసరం పోయింది, దాని రాళ్ళూ ఇటుకలూ పోయాయి. కొత్త యజమానులకు కూడా పంట దాచుకునే చోటు కావాలి కాబట్టి సాల మిగిలింది. 1960ల తరువాత యంత్రాలు వచ్చి ఆ అవసరం కూడా తీరిపోయాక, కప్పు కూలే స్థితికి వచ్చింది. పడగొట్టాలన్న మాట నడిచింది. చివరకు 1982లో బ్రెయిన్‌ట్రీ జిల్లా కౌన్సిల్ నిర్బంధ కొనుగోలు అధికారంతో దానిని తీసుకుంది. స్థానికుల ట్రస్టు 1983 నుంచి 1985 దాకా మరమ్మతు చేయించింది. 1989లో అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థ చేతికి వచ్చింది.

కొత్త ఓక్‌ను పాతదానిలా రంగు పూసి దాచకపోవడం ఆ మరమ్మతులో నాకు నచ్చిన అంశం. ఏది ఏ కాలానిదో చూడటానికి వచ్చినవారు తమ కళ్ళతో తేల్చుకోవచ్చు. సందేహాల పుట్ట గారికి అంతకంటే నిజాయితీ గల జవాబు లేదు.

మఠం చర్చి పోయిందన్నాను గాని, గేటు దగ్గరి చిన్న ప్రార్థన మందిరం ఇంకా నిలిచి ఉంది. సెయింట్ నికోలస్ పేరిట 1220 ప్రాంతంలో కట్టినది. రోమనులు వెళ్ళిపోయాక ఇంగ్లండులో ఇటుక కాల్చడం దాదాపు మరిచిపోయారు. మళ్ళీ కాల్చినవాటిలో ఈ మఠం ఇటుకలు తొలివాటిలోకి వస్తాయి. ఎసెక్స్ నేలలో కట్టడానికి పనికివచ్చే రాయి లేదు. రాయి ఉన్న ఆక్స్‌ఫర్డ్‌షైర్ వైపు, గ్రేట్ కాక్స్‌వెల్‌లో, మరో సిస్టర్షియన్ మఠమైన బ్యూలీవారి సాల ఉంది. దానికి గోడలన్నీ రాయి, లోపలి చట్రం మాత్రం ఓక్. కాగిషాల్‌లో మట్టీ అడవీ తప్ప మరేమీ లేవు కాబట్టి, ఇటుకా కొయ్యా రెండూ అక్కడ అంత ముందుగా అంత బాగా కుదిరాయి.

---

తొలి ప్రయాణం · అక్టోబరు 12, ఉదయం 8:00

పెద్దలకు నమస్కారం. ఈ నెలాఖరున ఇల్ఫర్డ్‌లో మా అక్కయ్య గారింటికి వస్తున్నాను. కారు లేకుండా కాగిషాల్ వెళ్ళడం సాధ్యమేనా?

---

ఎసెక్స్ వాసి · అక్టోబరు 12, ఉదయం 9:30

సాధ్యమేనండీ. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి కాల్చెస్టర్ వైపు వెళ్ళే రైలులో కెల్వెడన్ స్టేషన్‌లో దిగాలి. అక్కడికి కాగిషాల్ సుమారు రెండున్నర మైళ్ళు. బస్సు వేళలు ముందుగా చూసుకోండి, ఆదివారాలను నమ్ముకోకండి. సాల తెరిచే రోజులు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు, చలికాలంలో మూసే ఉండవచ్చు. నాలా కంచె దగ్గర నిలబడవద్దు.

వచ్చినవారు ఊళ్ళో 1509 ప్రాంతంలో ఉన్ని వ్యాపారి కట్టించిన పేకాక్స్ ఇల్లు కూడా చూస్తారు, అది కూడా కొయ్య పనే. కారు దొరికితే మాత్రం క్రెసింగ్ టెంపుల్ వదలకండి. 1137లో మటిల్డా రాణి టెంప్లర్ యోధ సన్యాసులకు ఇచ్చిన భూమి అది. అక్కడ బార్లీ సాల, గోధుమ సాల అని రెండు పక్కపక్కనే ఉన్నాయి. వలయాల లెక్కలో మొదటిదాని మానులు 1205 నుంచి 1235 మధ్య నరికినవి, రెండవదానివి 1257 నుంచి 1280 మధ్యవి. వడ్రంగి మనుమడు గారు ఎప్పుడైనా వస్తే, ఆ రెండింటి నడుమ ఒక తరంలో అతుకు ఎలా మారిందో నాకు చూపించాలి. తిండి బాధ్యత నాది.

---

వడ్రంగి మనుమడు · అక్టోబరు 12, ఉదయం 10:15

మాట ఇచ్చినట్టే లెక్క. వీసా సంగతి చూసుకుంటాను.

---

ఎసెక్స్ వాసి · అక్టోబరు 26, రాత్రి 10:30

ఈ సీజన్‌లో చివరిసారిగా ఇవాళ మళ్ళీ కాగిషాల్ వెళ్ళి వచ్చాను. పొద్దున్న నుంచి వాన, అదీ గాలితో. సాలలో నేనూ, మరో ఇద్దరు ముసలివాళ్ళూ తప్ప ఎవరూ లేరు. పెంకుల మీద వాన పడుతుంటే లోపల పెద్ద మోత ఏమీ లేదు, దూరంగా ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు సన్నని చప్పుడు. నడిమి భాగంలో నేల పొడిగా ఉంది. చూరు దగ్గర మాత్రం బయటి నుంచి చల్లని గాలి కాళ్ళకు తగిలింది. కొల్లిపర రైతు గారు చెప్పిన కళ్లం మాట గుర్తుకు వచ్చి, తలుపు అంకణంలో నిలబడి, పనలు ఎక్కడిదాకా పేర్చి ఉంటారో, మనిషి ఎక్కడ నిలబడి కర్ర ఎత్తి ఉంటాడో ఊహించుకున్నాను. కర్ర ఎత్తితే తగలనంత ఎత్తులో ఉన్నాయి దూలాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఎత్తును గొప్పతనం కోసమనుకున్నాను.

మా అమ్మాయి ఇవాళ రాలేదు. తను అడిగిన ప్రశ్నకు ఇంటికి వచ్చాక జవాబు చెప్పాను: అది గుడి కాదమ్మా, వాన పడుతున్నప్పుడు వడ్లు కొట్టుకునే చోటు అని. వడ్లు అంటే ఏమిటని అడిగింది.

---

కొల్లిపర రైతు · డిసెంబరు 4, తెల్లవారుజాము 4:20

ఎసెక్స్ వాసి గారూ, చాలా రోజులకు ఈ పేజీ తెరిచాను. వానాకాలం వెళ్ళిపోయాక మా నూర్పిడి అని నేను రాసిన మాట సగమే నిజం. 1977 నవంబరు ఉప్పెన నాటికి నేను చిన్నవాణ్ణి. కోతకు వచ్చిన చేలు నీళ్ళలో పడుకుని, పనలు మొలకెత్తిన వాసన నాకు ఇంకా గుర్తు. ఇప్పుడు మిషను కోత వచ్చాక కుప్ప వేసే పని కూడా పోయింది, పచ్చి వడ్లే రోడ్డు పక్కన ఆరబోసుకుంటున్నాము. నిన్న సాయంత్రం నుంచి ముసురు పట్టింది. అద్దెకు తెచ్చిన పట్టాలు ఏడు, మా రాశులు పది. రాత్రంతా నేనూ మా తమ్ముడూ పట్టాలు అటూ ఇటూ లాగి కప్పి, ఇప్పుడే కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను.

మీ అమ్మాయికి చూపించడానికి గుప్పెడు వడ్ల ఫొటో పెడుతున్నాను. కొంచెం తడిగా ఉన్నాయి.